అంకె ఒక్కసారే రాయండి

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. ముందురోజు దాకా బాపట్ల, రేపల్లె, తెనాలి మూడూ గుంటూరు జిల్లా ఊళ్లే. ఆ రోజు నుంచి బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వెళ్లాయి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. మీరు ఈ ప్రాంతంలో ఒక సహకార సంఘంలోనో, ప్రైవేటు బడిలోనో, ఎరువుల కొట్టులోనో గుమాస్తాగా పనిచేస్తున్నారనుకోండి. మీ దగ్గర ఆరువందల మంది చిరునామాలున్నాయి. కొన్ని వర్డ్ ఫైల్లో, కొన్ని ఎక్సెల్లో, మిగిలినవి రసీదు పుస్తకాల్లో. అన్నిటిలో జిల్లా పేరు మార్చాలి. ఎలా మారుస్తారు? "గుంటూరు జిల్లా" అని ఉన్నచోటల్లా ఒక్క దెబ్బతో "బాపట్ల జిల్లా" అని మార్చేస్తే దుగ్గిరాల, కొల్లిపర రైతులు కూడా బాపట్ల జిల్లావాళ్లయిపోతారు. ఒక్కొక్కటీ చూసుకుంటూ మారిస్తే రోజులు పడుతుంది, అప్పటికీ పది పదిహేను తప్పిపోతాయి. అవే చిరునామాలు ఒకే షీటులో, మండలానికి ఒక నిలువు వరుస, జిల్లాకు ఇంకో నిలువు వరుసగా ఉంటే? మండలం వరుసలో రేపల్లె, నిజాంపట్నం, నగరం, చెరుకుపల్లి, భట్టిప్రోలు వంటివాటిని వడకట్టి, పక్క గడిలో జిల్లా మార్చడం పావుగంట పని. ఆ షీటు నుంచి పుట్టే ప్రతి ఉత్తరం మీదా ఇక సరైన జిల్లాయే పడుతుంది.

కంప్యూటర్ కోర్సులో చేరినవాళ్లకు సాధారణంగా ఈ పావుగంట పని నేర్పరు. ఒక నెల వర్డ్, ఇంకో నెల ఎక్సెల్. వర్డ్‌లో అక్షరాలు లావు చేయడం, గీత గీయడం, ఎక్సెల్‌లో పది మార్కులు కూడి శాతం కట్టడం. రెండూ వచ్చేస్తాయి. కానీ ఆఫీసులో కూర్చున్నాక పని అలా రెండు ముక్కలుగా రాదు కదా? నోటీసులో బాకీ అంకె ఉంటుంది, ఫీజు లెక్క కట్టాక తల్లిదండ్రులకు ఉత్తరం వెళ్లాలి, సర్వసభ్య సమావేశం నివేదికలో మాటలూ పట్టికలూ కలిసే ఉంటాయి. అందుకని షీటులో కట్టిన లెక్కను చూసి, ఉత్తరంలో మళ్లీ చేత్తో కొడతారు. తప్పు దూరేది సరిగ్గా అక్కడే. మన పాత కొట్లలో రోజువారీ చిట్టా రాసి, దాన్నుంచి పద్దులవారీ ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఎక్కించేటప్పుడు తప్పు పడుతుందని తెలుసు కాబట్టే పెద్ద గుమాస్తా మళ్లీ సరిచూసేవాడు. కంప్యూటర్ కొన్నాక ఆ ఎక్కించే పని పోవాలి. పోకపోతే మన దగ్గరున్నది ఖరీదైన టైపు మిషనే. కాబట్టి నా మాట ఇది: మాటల సాఫ్ట్‌వేరునీ లెక్కల సాఫ్ట్‌వేరునీ విడివిడిగా నేర్చుకోకండి, మొదటి రోజు నుంచే కలిపి నేర్చుకోండి. ఏ అంకె అయినా, ఏ పేరయినా ఒక్కసారే, ఒక్కచోటే టైపు చేయండి. కావలసిన మిగతా చోట్లకు అది తనంతట తాను వెళ్లాలి.

దీనికి డబ్బు పెట్టనక్కర్లేదు. లిబ్రెఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఉత్తరాలకు రైటర్, లెక్కలకు క్యాల్క్ ఉంటాయి. ఇవి విడివిడి సరుకులు కావు, ఒకేసారి ఇన్‌స్టాల్ అవుతాయి, ఒకదాని సమాచారం ఇంకోటి చదువుతుంది. ఉచితంగా వచ్చేదాన్ని నమ్మవచ్చా అంటారా? దీని వెనక చరిత్ర పెద్దదే. జర్మనీలో స్టార్‌ఆఫీస్‌గా మొదలై, 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నాక ఓపెన్‌ఆఫీస్‌గా అందరికీ తెరుచుకుంది. 2010 సెప్టెంబరులో డాక్యుమెంట్ ఫౌండేషన్ దాన్ని లిబ్రెఆఫీస్ పేరుతో వేరుగా నడపడం మొదలుపెట్టింది. మీ కంప్యూటర్లో ఇప్పటికే ఎమ్మెస్ ఆఫీస్ ఉంటే అదైనా సరే, కింద చెప్పేవన్నీ అందులోనూ జరుగుతాయి. మెనూల చోటు మాత్రం మారుతుంది.

1. మొదటి అరగంట అమరికకు ఇవ్వండి. చాలామంది ఇది దాటేసి, ఆరు నెలల పాటు దాని ఫలితం అనుభవిస్తారు. టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, భాషల పేజీలో లొకేల్ అన్నచోట ఇంగ్లీష్ ఇండియా ఎంచుకోండి. ఎందుకు? అమెరికా అమరికలో 4/5 అని కొడితే ఏప్రిల్ 5 అవుతుంది, మన అమరికలో మే 4. రుణం గడువు తేదీ దగ్గర ఈ తేడా ఎంత గొడవ తెస్తుందో చెప్పనక్కర్లేదు. అంకెలు కూడా 207,000 అని కాక 2,07,000 అని కనిపించేలా గడి ఫార్మాట్ చూసుకోండి. లక్షలు చదివే కంటికి మొదటిది చదవడానికి ఒక క్షణం ఎక్కువ పడుతుంది, ఆ క్షణంలోనే సున్నాలు తప్పుగా లెక్కపెడతాం. తర్వాత అదే పేజీలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్నచోట తెలుగు ఎంచుకోండి. లిబ్రెఆఫీస్ ఇంగ్లీషు అక్షరాలకు ఒక ఫాంటు, తెలుగు అక్షరాలకు వేరే ఫాంటు గుర్తుపెట్టుకుంటుంది. సైజు 14 పెట్టినా తెలుగు ఎందుకు పెరగలేదని తల పట్టుకునేవాళ్లకు జవాబు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది, రెండో ఫాంటు సైజు మార్చలేదన్నమాట.

ఫాంటు సంగతి కొంచెం ఆగి చూడాలి. సాధన గ్రంథమండలి వంటి ప్రచురణ సంస్థ ఉన్న తెనాలికి అచ్చుపని కొత్త కాదు, డీటీపీ తెలిసినవాళ్లు వీధికొకరు దొరుకుతారు. వాళ్లలో చాలామంది చేయి అలవాటుపడింది "అను" అనే పాత ఫాంట్లకు. పెళ్లి శుభలేఖకు అవి బాగానే ఉంటాయి. షీటుకు మాత్రం పనికిరావు. ఆ పాత ఫాంట్లలో తెర మీద "అ" కనిపించినా, లోపల కంప్యూటర్ దాచుకునేది ఏదో ఇంగ్లీషు గుర్తును. కాబట్టి పేర్లను అకారాది క్రమంలో పెట్టమంటే క్రమం తప్పుతుంది, వెతకమంటే దొరకదు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో "అ" ఎక్కడైనా "అ"యే. మొదటి రోజు నుంచీ యూనికోడ్‌లోనే కొట్టండి. పోతన, మండలి, రామభద్ర, చివరికి తెనాలి రామకృష్ణ అనే పేరుతో కూడా ఉచిత యూనికోడ్ ఫాంట్లు దొరుకుతాయి. కీబోర్డు సంగతంటారా, ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటే మంచిది. తొందరగా మొదలుపెట్టాలంటే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి అయినా పరవాలేదు, రెండిట్లోనూ వచ్చేది యూనికోడే.

2. షీటును కాగితంలా వాడకండి. కాగితం మీద పైన పెద్ద శీర్షిక రాస్తాం, ఊరికీ ఊరికీ మధ్య ఒక వరుస వదులుతాం, ప్రతి ఊరి కింద మొత్తం వేస్తాం. కంటికి ముచ్చటగా ఉంటుంది. కానీ క్యాల్క్‌కు ఆ ఖాళీ వరుస దగ్గర జాబితా అయిపోయినట్టే. మొత్తం వేసిన వరుసను ఇంకో రైతు అనుకుని కూడేస్తుంది. రైతుల ధాన్యం జాబితా అయితే మొదటి అడ్డవరుసలో నిలువు వరుసల పేర్లు: క్రమ సంఖ్య, పేరు, ఊరు, మండలం, జిల్లా, ఫోను, బస్తాలు. కింద ఒక మనిషికి ఒక వరుస. మధ్యలో ఖాళీలు, కలిపేసిన గడులు, మొత్తాలు ఏవీ వద్దు, మొత్తాలు వేరే షీటులో వేసుకోవచ్చు.

ఇక అందరూ చేసే తప్పు ఒకటుంది. బస్తాల గడిలో "120 బస్తాలు" అని కొడతారు. మనిషికి అది అంకె, క్యాల్క్‌కు మాట. సమ్ ఫార్ములా ఆ గడిని చడీచప్పుడు లేకుండా వదిలేసి మిగతావి కూడేస్తుంది. తప్పు జరిగిందని ఒక్క హెచ్చరిక కూడా రాదు. గుర్తుపట్టేదెలా? మీరేమీ సర్దకుండా ఉంటే అంకెలు గడిలో కుడివైపుకు, మాటలు ఎడమవైపుకు జరుగుతాయి. నిలువు వరుసను ఒకసారి పైనుంచి కిందికి చూడండి, ఎడమకు ఒరిగిన అంకె ఏదైనా ఉంటే అది లెక్కలో లేనట్టే. "బస్తాలు" అన్న మాట శీర్షికలో ఉంటే చాలు.

3. మారే అంకెకు సొంత గడి ఇవ్వండి. ఒక చిన్న లెక్క చూద్దాం. సాధారణ రకం వరికి కేంద్రం కనీస మద్దతు ధర 2024–25లో క్వింటాలుకు 2,300 రూపాయలు, 2025–26లో 2,369. మన డెల్టాలో లెక్క 75 కిలోల బస్తాల్లో నడుస్తుంది, అంటే బస్తాకు 1,725 నుంచి 1,776 రూపాయల 75 పైసలకు పెరిగింది. 120 బస్తాలు ఇచ్చిన రైతుకు 90 క్వింటాళ్ల మీద పాత ధరకు 2,07,000, కొత్త ధరకు 2,13,210. తేడా 6,210 రూపాయలు. ఇప్పుడు మీ ఫార్ములాలో 2,300 అన్న అంకెను నేరుగా కొట్టి ఉంటే, మూడువందల వరుసల్లో అది దాక్కుని ఉంటుంది. ఒక చోట మార్చడం మరచిపోయారంటే ఆ రైతు 6,210 రూపాయలు నష్టపోతాడు. అలా కాకుండా "ధరలు" అని వేరే షీటు పెట్టి, అందులో ఒక గడిలో ధర, ఇంకో గడిలో బస్తా బరువు రాయండి. ఫార్ములా ఆ గడుల్ని చూడాలి. ఫార్ములాను కిందికి లాగినప్పుడు ఆ గడుల చిరునామా జారిపోకుండా ఎఫ్4 నొక్కి డాలరు గుర్తులు పెట్టండి. వచ్చే ఏడాది ధర మారినప్పుడు మీరు ముట్టుకునేది ఒకే గడి.

వడ్డీకీ ఇదే పద్ధతి, ఒక జాగ్రత్త ఎక్కువ. మన దగ్గర "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు కాగితాల్లో రాసేది ఏడాది శాతం. డ్వాక్రా సంఘం షీటులో ఒకరు 2 అని, ఇంకొకరు 24 అని కొడితే రెండూ ఒకే వడ్డీ, లెక్క మాత్రం పన్నెండింతలు తేడా. అంకె గడి పక్కనే "నెలకు, నూటికి" అని రాసి ఉంచండి.

4. ఆవర్జాను యంత్రానికి అప్పగించండి. రేపల్లె వైపు ఒకరు రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్నారనుకుందాం. రోజూ ఖర్చులుంటాయి: పిల్ల, మేత, డీజిలు, కరెంటు, మందులు, కూలి. మేతకొక పేజీ, డీజిలుకొక పేజీ పెట్టుకోవాలనిపిస్తుంది. వద్దు. ఒకే చిట్టా చాలు: తేదీ, పద్దు, వివరం, మొత్తం. ఏ ఖర్చైనా అందులోనే, జరిగిన రోజే, ఒక వరుస. వేరే షీటులో పద్దుల పేర్లు రాసి, ఒక్కోదాని పక్కన సమ్‌ఇఫ్ ఫార్ములా పెడితే మేతకు ఎంతయిందో, డీజిలుకు ఎంతయిందో ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. ఒక్క ఇబ్బంది ఉంది. ఒకరోజు "మేత" అని, ఇంకోరోజు "ఫీడ్" అని రాస్తే సమ్‌ఇఫ్ రెండో దాన్ని పట్టుకోదు. డేటా మెనూలో వ్యాలిడిటీ తెరిచి పద్దుల జాబితా ఇచ్చేయండి, గడిలో బాణం గుర్తు వస్తుంది, అందులోంచి ఎంచుకోవడమే.

ఫార్ములా పెట్టగానే లెక్క సరైనదని మాత్రం అనుకోకండి. 2010లో ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ ఒక పత్రం రాశారు. జీడీపీలో 90 శాతం దాటి అప్పున్న దేశాలు సగటున 0.1 శాతం కుంగిపోయాయని అందులో తేల్చారు. అనేక దేశాల్లో ప్రభుత్వ ఖర్చు తగ్గించాలన్నవాళ్లు దాన్ని చూపించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ వాళ్ల షీటు తెప్పించుకుని చూస్తే, సగటు ఫార్ములా 30వ వరుస నుంచి 49 దాకా వెళ్లాల్సింది 44 దగ్గరే ఆగిపోయింది. ఐదు దేశాలు లెక్కలోకే రాలేదు. ఆ ఒక్క తప్పుతోనే ఫలితం మారలేదు, సమాచారం ఎంపికలోనూ సగటు కట్టిన తీరులోనూ అభ్యంతరాలున్నాయి. అన్నీ సరిచేశాక హెర్న్‌డన్, ఆయన అధ్యాపకులు కట్టిన సగటు 2.2 శాతం పెరుగుదల. అంతటి పండితులకే వరుసలు తప్పిపోయాయంటే మనం భయపడి మానేయాలని కాదు. పాత పెద్ద గుమాస్తా చేసే పని ఒకటి మిగిలే ఉందని. చిట్టా మొత్తాన్ని ఒకసారి నేరుగా కూడండి, పద్దుల మొత్తాలను విడిగా కూడండి. రెండూ కలవాలి. కలవకపోతే ఏదో వరుస బయట ఉండిపోయింది.

5. ఇప్పుడు ఉత్తరం. క్యాల్క్ ఫైలు సేవ్ చేసి మూసేయండి. రైటర్‌లో ఒకే ఒక్క ఉత్తరం రాయండి, పేరు, ఊరు, బాకీ ఉండాల్సిన చోట ఖాళీ వదలండి. ఇన్సర్ట్ మెనూలో ఫీల్డ్, అందులో మోర్ ఫీల్డ్స్, డేటాబేస్ ట్యాబ్ తెరిచి, మెయిల్ మెర్జ్ ఫీల్డ్స్ ఎంచుకుని, బ్రౌజ్ నొక్కి మీ షీటు చూపించండి. మీరు పెట్టిన నిలువు వరుసల పేర్లు అక్కడ కనిపిస్తాయి. ఒక్కోటీ ఖాళీలో చేర్చండి. ప్రింట్ ఇచ్చినప్పుడు ఫారమ్ లెటర్‌గా ప్రింట్ చేయాలా అని అడుగుతుంది, అవునంటే వరుసకొక ఉత్తరం వస్తుంది. మొదట మొత్తం ప్రింటు ఇవ్వకండి. మొదటి మూడు వరుసలు, చివరి వరుస మాత్రం తీసి షీటుతో పోల్చండి. అంకె దశాంశాలతో వస్తోందా, తేదీ అంకెగా మారిపోయిందా అనేవి అక్కడే బయటపడతాయి. రైటర్‌లో ఇంకో అలవాటు, శీర్షికల్ని చేత్తో లావు చేయకుండా స్టైల్స్‌లోని హెడింగ్ వాడండి. వార్షిక నివేదికకు విషయసూచిక అప్పుడు తనంతట తానే తయారవుతుంది.

6. షీటులోని పట్టికను నివేదికలో అతికించేటప్పుడు మామూలు పేస్ట్ వాడితే అది ఆ క్షణపు ఫొటో లాంటిది, షీటు మారినా మారదు. పేస్ట్ స్పెషల్‌లో డీడీఈ లింకు ఎంచుకుంటే నివేదికలోని పట్టిక షీటును చూస్తూ ఉంటుంది. ఫైళ్లు రెండూ ఒకే ఫోల్డరులో ఉంచండి, వేరే చోటికి జరిపితే లింకు తెగుతుంది.

7. దాచడం. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్ వద్దు. అందులో షీటుకు 65,536 వరుసలే పడతాయి. 2020లో ఇంగ్లండులో ఆ హద్దు దాటిన వరుసలు రాలిపోయి 15,841 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కకు రాలేదు. మీ దగ్గర క్యాల్క్ ఫార్మాట్ అయిన ఓడీఎస్‌గా దాచుకోండి, బయటికి పంపేటప్పుడు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా, చదవడానికైతే పీడీఎఫ్‌గా ఇవ్వండి. వారానికొకసారి తేదీ పేరుతో ఒక నకలు పెన్‌డ్రైవులో వేయండి.

ఇంత చెప్పాక కూడా మీకు కొన్ని సందేహాలు ఉంటాయి, ఉండాలి. ఉద్యోగానికి ఎమ్మెస్ ఆఫీసే అడుగుతారు కదా? నిజమే, చాలాచోట్ల అడుగుతారు. కానీ సమ్, ఇఫ్, సమ్‌ఇఫ్, వీలుకప్ ఫార్ములాల పేర్లు రెండిట్లోనూ అవే, గడి, వరుస, మెయిల్ మెర్జ్ ఆలోచనా అదే. పరీక్ష ఫలానా సాఫ్ట్‌వేరులోనే అని తెలిస్తే చివరి రెండు వారాలు దానిలో సాధన చేయండి. మొదటి ఆరు నెలలు దొంగ కాపీ కోసం వెతుక్కోవడం మాత్రం వద్దు. ఫోనులోనే అన్నీ అవుతున్నాయి, కంప్యూటర్ ఎందుకు అంటారు ఇంకొందరు. చెరువు గట్టున నిలబడి ఒక వరుస రాయడానికి ఫోనే మేలు, గూగుల్ షీట్స్ ఆ పని చక్కగా చేస్తుంది. ఆరువందల వరుసల్లో ఎడమకు ఒరిగిన ఒక్క అంకెను అంత చిన్న తెర మీద పట్టుకోవడం కష్టం. రాయడం ఫోనులో, సరిచూడటం కంప్యూటర్లో, రెండూ ఒకే షీటు మీద జరగనివ్వండి.

ఇంగ్లీషు రాదనే భయం ఉన్నవాళ్లకు ఒక మాట. మెనూల్లో మీకు రోజూ కావలసినవి ముప్ఫై మాటలకు మించవు, పేర్లూ ఊళ్లూ పద్దులూ అన్నీ తెలుగులోనే పెట్టుకోవచ్చు. డీటీపీ షాపులో ఇస్తే అయిపోతుంది కదా అనేవాళ్లు ఒకటి ఆలోచించాలి. షాపులో అందంగా కొట్టి ఇస్తారు, కానీ మీ అంకెలు అక్కడ ఇంకొకరి చేత్తో మళ్లీ టైపు అవుతాయి. బాకీ నోటీసులో తప్పు పడితే రైతు వచ్చి అడిగేది షాపువాళ్లను కాదు, మిమ్మల్ని. కృత్రిమ మేధే ఉత్తరం రాసిపెడుతోందన్న మాట కూడా వినిపిస్తోంది. రాయనివ్వండి. ఎవరు ఎంత ఇవ్వాలో అది ఊహించి చెప్పకూడదు, మీ షీటులోంచే రావాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి? మీ చేతిలో ఉన్న ఏదో ఒక జాబితాతో: సంఘం సభ్యులు, ఐదో తరగతి పిల్లలు, కొట్టు బాకీదారులు, ఇంట్లో పెళ్లికి పిలవాల్సినవాళ్లు. ఈరోజు ఇరవై పేర్లు ఎక్కించండి, మండలానికీ జిల్లాకూ వేరువేరు వరుసలు మరచిపోకండి. రేపు ఆ ఇరవై మందికీ ఒకే ఉత్తరం మెర్జ్ చేసి చూడండి. అందులో ఒక్క పేరు కూడా మీరు మళ్లీ చేత్తో కొట్టి ఉండకూడదు.